మామ పొలంలో మంద, మన కంచంలో కూర

నమస్తే. అన్నం ముందు కూర్చుని రేడియో పెట్టుకున్నవాళ్లుంటే కాస్త తినడం అయ్యాక వినండి, ఎందుకంటే ఇవాళ మాట్లాడేది మనిషి మలమూత్రాల గురించి, వాటితో చేసిన ఎరువు వేసి పండించిన కూరగాయలు మనం కొంటామా, తింటామా అని.

మా మేనమామకు గీసుకొండ దిక్కు మూడెకరాలుంది. ఎండాకాలం వచ్చిందంటే గొర్లకాపరులను బతిమాలి మరీ మంద పెట్టిస్తాడు, రాత్రంతా గొర్రెలు పొలంలో పడుకుని పెంట వేసి, ఉచ్చ పోసి పోతే తెల్లారి వాళ్లకు పైసలిచ్చి పంపుతాడు. డ్రమ్ములో ఆవు మూత్రం, పేడ కలిపి జీవామృతం చేసేదీ ఆయనే. ఓసారి అడిగాను, "మామా, మరి మనిషిదైతే?" అని. "థూ, అదేం మాటరా!" అన్నాడు.

ఆయన్ని తప్పు పట్టను. అసహ్యం లెక్క చెబితే పోయేది కాదు. అయినా ఒక లెక్క చెప్తా. మనిషి ఏడాదికి పోసే మూత్రం సుమారు 500 లీటర్లు, అందులో నత్రజని దాదాపు 4 కిలోలు. ఇంట్లో ఐదుగురుంటే 20 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో ఉండేదీ ఇంచుమించు అంతే! 2025 వానాకాలంలో ఆ ఒక్క బస్తా కోసం లైన్లో చెప్పులు, పాస్‌బుక్కులు పెట్టి పొద్దంతా కాచుకున్నవాళ్లు ఇది వింటూ ఉండొచ్చు.

గీసుకొండ మండలంలోనే గంగదేవిపల్లి ఉంది. అక్కడివి రెండు గుంతల మరుగుదొడ్లు, ఒకటి నిండితే మూసేసి రెండోది వాడతారు, మూసింది ఏడాదికి పైగా అలాగే వదిలేస్తే లోపలిది వాసన లేని మట్టిలా అవుతుంది. 2017 ఫిబ్రవరిలో అప్పటి కేంద్ర తాగునీటి, పారిశుధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్, వేరే రాష్ట్రాల అధికారులు ఆ ఊరొచ్చి స్వయంగా గుంతలో దిగి ఆ ఎరువు ఎత్తారు. పెద్ద వార్త అయింది. కానీ అదే పనిని తరతరాలుగా కులం పేరుతో నెత్తిన మోసినవాళ్లకు దక్కింది మాత్రం అంటరానితనం, 2013లో కూడా మనుషుల చేత మలం ఎత్తించే ఆ పనిని ఆపడానికి ఇంకో చట్టం చేయాల్సి వచ్చింది. మనం ఛీ అన్నప్పుడు అందులో వాసన ఎంత, కులం ఎంత?

ఇక భయం సంగతి. ఇది ఉత్త భయం కాదు. పచ్చి మలంలో ఏలిక పాముల గుడ్లు నేలలో నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి బతుకుతాయి. మూత్రమైతే నయం, మూసిన డబ్బాలో ఆరు నెలలు నిల్వ ఉంచి వాడాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో చెప్పిన పద్ధతుల్లో ఒకటి. స్విట్జర్లాండ్‌లో మూత్రం నుంచి చేసిన ఆరిన్ అనే ఎరువుకు 2018లో కూరగాయలకు కూడా అనుమతి వచ్చింది. మన వరంగల్‌లో సెప్టిక్ ట్యాంకుల మలాన్ని శుద్ధి చేసే ప్లాంటు అమ్మవారిపేటలో ఉంది, అయితే పట్నం ట్యాంకుల్లోకి మందులూ ఫినాయిలూ అన్నీ పోతాయి కాబట్టి అక్కడ వచ్చేదాన్ని పరీక్ష చేయకుండా చేనుకు వేయమని నేను చెప్పను.

16 దేశాల యూనివర్సిటీల్లో 3,763 మందిని అడిగితే, మూత్రాన్ని ఎరువుగా వాడాలి అన్నవాళ్లు 68 శాతం, ఆ పంట తింటాం అన్నవాళ్లు 59 శాతం. వాడండి బాబూ, నా కంచంలో మాత్రం వద్దు అన్నవాళ్లు కొందరున్నట్టే కదా. మరి హైదరాబాద్ దగ్గర మురుగు కలిసిన మూసీ నీళ్లతో ఎన్నో ఏళ్లుగా ఆకుకూరలు పండుతున్నాయి, జనం తింటున్నారు. ఇవి మురుగు నీళ్లతో పండినవి అని బోర్డు లేదు కాబట్టి అసహ్యమూ లేదు!

హన్మకొండలో కూరగాయలమ్మే ఒకామెను అడిగాను, "అక్కా, ఇట్ల పండించినవి తెచ్చి అమ్ముతావా?" అని. "బోర్డు పెడితే కొనరు సార్, పెట్టకపోతే మోసం చేసినట్టయితది, ధర తగ్గిస్తే ఏదో తేడా ఉందంటరు" అంది. ఎన్ని సర్వేలు చదివినా ఇంత సూటిగా నాకెవరూ చెప్పలేదు.

నా మట్టుకు నేనైతే బియ్యం, మక్కలు, ఉడికించే కూరలు తింటాను, పరీక్ష చేసిన కాగితం చూపిస్తే. పచ్చిగా చల్లుకునే కొత్తిమీరకు మాత్రం ఇంకా మనసొప్పదు. మామను మొన్న మళ్లీ అడిగాను. పత్తికైతే చూద్దాం అన్నాడు, అదీ మంద దొరకని ఏడు.