బురదలో కర్చీఫ్ వేసి సీటు ఆపిన ఆర్టిస్ట్: ఆనా మెండియెటా

ఈ ఫొటోని కాసేపు స్క్రీన్ మీదే ఉంచుతాను, బాగా చూడండి. ఏటి ఒడ్డున తడి మట్టి, అందులో ఎవరో పడుకుని లేచి వెళ్లిపోయినట్టు ఒక గుంట. మొదటిసారి చూసినప్పుడు నేనైతే ఇందులో ఏముందబ్బా అనుకుని ముందుకెళ్లిపోయాను. ఆ గుంట తీసినామె సంగతి తెలిశాక మళ్లీ వెతుక్కుంటూ రావాల్సి వచ్చింది.

ఆమె పేరు ఆనా మెండియెటా. 1948లో క్యూబాలో, హవానాలో పుట్టింది. క్యాస్ట్రో ప్రభుత్వం వచ్చాక అక్కడి తల్లిదండ్రులు చాలామంది భయపడి, చర్చి సాయంతో పిల్లల్ని ఒంటరిగా అమెరికా పంపేశారు. అలా 14 వేల మంది దాకా వెళ్లారు, దాన్ని ఆపరేషన్ పెడ్రో పాన్ అంటారు. 1961లో విమానం ఎక్కేనాటికి ఆనాకి 12 ఏళ్లు, తోడుగా అక్క. అమ్మ అమెరికా వచ్చి వీళ్లని కలిసింది 1966లో. నాన్న క్యూబాలో జైలుపాలై, అమెరికా చేరేసరికి 1979 అయింది. అమ్మ వచ్చేలోపు అక్కాచెల్లెళ్లిద్దరూ అయోవా రాష్ట్రంలో అనాథాశ్రమాలు, పెంపుడు ఇళ్లు మారుతూ పెరిగారు. సముద్రం పక్కన పెరిగిన పిల్లని తీసుకెళ్లి మంచు కురిసే మొక్కజొన్న చేల మధ్య వదిలేస్తే ఎలా ఉంటుందో చూడండి, పైగా రంగు చూసి మాటలనేవాళ్లు.

అయోవా యూనివర్సిటీలో పెయింటింగ్ చదివింది, చదివి వదిలేసింది. కాన్వాస్ మీద వేసింది నిజంలా అనిపించట్లేదని ఆమె బాధ. 1973లో మెక్సికోలోని యాగుల్‌లో, జపోటెక్ అనే అక్కడి పాతకాలం జనం కట్టిన సమాధిలో తనే దిగి పడుకుంది, ఒంటినిండా తెల్ల పూలు. మొహం కనపడదు, పూలు ఆమె ఒంట్లోంచే మొలిచాయేమో అనిపిస్తుంది. సిలుయెటా సిరీస్ అక్కడ మొదలై 1980 దాకా సాగింది. సిలుయెటా అంటే మనిషి ఆకారం అంచు, అంతే. మట్టి, ఇసుక, పూలు, మంచు, రక్తం, చివరికి తుపాకి మందు కూడా వాడింది. 1976లో మెక్సికో బీచ్‌లో ఇసుకలో తన ఆకారంలో గుంట తీసి, ఎర్ర రంగు పొడి నింపి, అలలొచ్చి దాన్ని కొంచెం కొంచెంగా తీసుకుపోతుంటే వరసగా ఫొటోలు తీసింది.

చెరిగిపోయేదాన్ని కళ అంటారా అని కామెంట్లలో అడక్కండి, మనం అసలు అడక్కూడదు. పొద్దున్నే వేసిన ముగ్గు మధ్యాహ్నానికి బండి చక్రాల కింద పోతుంది, కష్టపడి పేర్చిన బతుకమ్మని మన చేతులతోనే చెరువులో వదులుతాం.

ఇక్కడ నా గొడవ ఒకటుంది. ఈమె గురించి రాసేవాళ్లు చాలామంది "ప్రకృతిలో లీనమైపోయింది" అంటారు. నాకు ఆ మాట మింగుడు పడదు. లీనమైపోయేవాళ్లు కొలత వదిలి వెళ్లరు కదా? మొదట్లో తన ఒళ్లే ఉండేది, పోనుపోను ఒళ్లు పోయి ఖాళీ ఆకారం మిగిలింది, అదీ దాదాపు తన సైజులోనే. పండగ రోజుల్లో బస్టాండ్‌లో కిటికీలోంచి కర్చీఫ్ విసిరి సీటు ఆపుకుంటామే, నాకు అదే గుర్తొస్తుంది. ఇక్కడ నేనున్నాను, ఈ చోటు నాది. ఏరు వచ్చి ఆ కర్చీఫ్ పట్టుకుపోతుంది, ఈమె ఇంకో ఒడ్డుకెళ్లి ఇంకోటి వేస్తుంది. ఇలా వందకి పైగా చేసింది!

1980లో, అంటే దాదాపు 19 ఏళ్ల తర్వాత, క్యూబాలో మళ్లీ అడుగుపెట్టింది. మరుసటి ఏడాది హవానా దగ్గర హారుకో కొండ గుహల్లో పని చేసింది, ఈసారి బురదలో కాదు, సున్నపురాయిలో. ఆ దీవిలో స్పెయిన్ వాళ్లు రాకముందున్న టైనో జనం దేవతల పేర్లు పెట్టి, గుహ గోడల్లోకి చెక్కింది. పరాయి నేల మీద చేసినవి చాలావరకు నాలుగు రోజుల్లో పోయేవే, సొంతూరికొచ్చాక ఉలి పట్టింది. ఇది కావాలని చేసిందో లేదో గానీ, నాకు మాత్రం ఆమె పనంతటిలో ఇదే పెద్ద విషయం.

1985లో న్యూయార్క్‌లో 34వ అంతస్తు నుంచి పడి చనిపోయింది, 36 ఏళ్లకే. భర్త, శిల్పి కార్ల్ ఆండ్రే మీద హత్య కేసు నడిచింది, 1988లో కోర్టు నిర్దోషి అని తేల్చింది. చాలా వీడియోలు ఇక్కడే మొదలవుతాయి, థంబ్‌నెయిల్‌కి పనికొస్తుంది కాబట్టి. నేను మాత్రం 1981కే వెనక్కి వెళ్తాను, హారుకో తర్వాత చేసిన ఓచున్ దగ్గరికి. ఓచున్ అంటే క్యూబాలో నల్లజాతి వాళ్లు కొలిచే నీళ్ల దేవత. ఫ్లోరిడా తీరంలో, మోకాలు కూడా మునగని నీళ్లలో, ఇసుకతో రెండు గట్లు కట్టింది, ఆడమనిషి నడుము వంపులా. తలవైపు గానీ కాళ్లవైపు గానీ మూయలేదు. ఒకవైపు నుంచి నీళ్లొచ్చి మధ్యలోంచి పారి ఇంకోవైపు పోతుంటాయి, ఆ వైపే, సముద్రం అవతల, క్యూబా.