టోపాజ్ అనే చిన్న ఓడ

శ్రోతలకు నమస్కారం.

మారిషస్ పేరు మనకు కొత్త కాదు. అక్కడ మన తెలుగువాళ్లున్నారు, ఉగాదికి సెలవిస్తారు. ఆ మారిషస్‌కు ఉత్తరాన, అదే హిందూ మహాసముద్రంలో, సీషెల్స్ అని ఇంకో దేశం ఉంది. 115 దీవులు. జనాభా లక్ష పైచిలుకు. మన విజయనగరం పట్టణంలోనే అంతకన్నా ఎక్కువమంది ఉంటారు. ఇంత చిన్న దేశానికీ ఒక సైన్యం ఉంది, ఆ సైన్యంలో ఒక కోస్ట్‌గార్డ్ ఉంది. వాళ్ల దగ్గరున్న ఆయుధాల జాబితా మొదటినుంచి చివరిదాకా చదివానంటే మీకు నిద్రొస్తుంది, నాకూ వస్తుంది. అందుకని ఈ పూట ఒక్క ఓడ గురించి చెబుతాను. దాని పేరు టోపాజ్.

లక్షమందికి సైన్యమెందుకండీ అని మీరడగొచ్చు. ఆ దేశం నేల అంతా కలిపితే 455 చదరపు కిలోమీటర్లు, అంతే. కానీ వాళ్ల సముద్రం? దీవులు చెల్లాచెదురుగా ఉండటంవల్ల వాళ్ల హక్కులో ఉన్న సముద్రం దాదాపు 13 లక్షల 50 వేల చదరపు కిలోమీటర్లు. మన రెండు తెలుగు రాష్ట్రాల విస్తీర్ణం కలిపి, దాన్ని ఐదు రెట్లు చేస్తే సుమారుగా అంత. ఆ నీళ్లలో ట్యూనా చేప ఉంది. దేశం బతికేదే ఆ చేపమీద, పర్యాటకుల మీద. రాజధాని విక్టోరియా ఉన్న మాహే దీవినుంచి అల్డాబ్రా అనే దీవికి వెళ్లాలంటే 1,100 కిలోమీటర్లు. గస్తీ ఓడ మామూలు వేగంతో పోతే రెండు రోజులు పైనే పడుతుంది. ఇదంతా ఒకే దేశం లోపలి ప్రయాణం!

ఇక సైన్యం ఎందుకన్న ప్రశ్నకు 1981 నవంబరు కూడా ఒక జవాబు చెబుతుంది. రగ్బీ ఆటగాళ్లలా వేషం వేసుకుని కిరాయి సైనికులు మాహే విమానాశ్రయంలో దిగారు, ప్రభుత్వాన్ని కూలదోద్దామని. సంచిలో తుపాకీ కస్టమ్స్‌వాళ్ల కంటబడింది. కాల్పులు మొదలయ్యాయి. అదే సమయానికి అక్కడ దిగిన మన ఎయిరిండియా విమానాన్ని పట్టుకుని చాలామంది దక్షిణాఫ్రికాలోని డర్బన్‌కు పారిపోయారు. ఆ కథే ఒక పూట చెప్పొచ్చు, ఇంకెప్పుడైనా చెప్పుకుందాం.

టోపాజ్ దగ్గరికి వస్తాను. ఈ ఓడను కట్టింది కోల్‌కతాలో, గార్డెన్ రీచ్ షిప్‌బిల్డర్స్ అనే ప్రభుత్వ సంస్థ. 2001లో మన నౌకాదళంలో చేరింది. అప్పటి పేరు ఐఎన్ఎస్ తార్ముగ్లీ. అండమాన్‌లోని ఒక దీవి పేరది. ఈ పేరు కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది. పొడవు 46 మీటర్లు, బరువు 260 టన్నులు, నడిపేవాళ్లు ముప్పై చిల్లరమంది. 30 నాట్లు, అంటే గంటకు 55 కిలోమీటర్ల దాకా పరిగెత్తగలదు. క్షిపణులు లేవు, హెలికాప్టర్ దిగే చోటు లేదు. యుద్ధనౌకల లెక్కలో చాలా చిన్నది. 2005 ఫిబ్రవరిలో భారత ప్రభుత్వం దీన్ని సీషెల్స్‌కు కానుకగా ఇచ్చింది. అక్కడ దానికి టోపాజ్ అని పేరు పెట్టుకున్నారు.

నాలుగేళ్లు ప్రశాంతంగానే గడిచాయి. 2009 వచ్చేసరికి సోమాలియా సముద్రపు దొంగలు తమ తీరం దగ్గర పెద్ద దేశాల యుద్ధనౌకలు ఎక్కువైపోవడంతో తూర్పుకు, లోతు సముద్రంలోకి జరిగారు. జరిగి జరిగి సీషెల్స్ నీళ్లలోకి వచ్చేశారు. చేపల పడవలు బయటికి వెళ్లాలంటే భయం. పర్యాటకుల పడవలకూ భయమే.

2009 డిసెంబరు 6. టోపాజ్ గస్తీ తిరుగుతోంది. దొంగల దగ్గర ఒక తల్లి పడవ, అంటే చిన్న పడవలకు ఆసరాగా ఉండే పెద్ద పడవ, రెండు చిన్న స్పీడు పడవలు ఉన్నాయి. వాళ్లకు టోపాజ్ కనిపించింది. ఏదో సరుకుల ఓడ అనుకున్నారు! వెంటపడ్డారు, కాల్పులు జరిపారు. హైవేలో చీకట్లో వస్తున్న బండిని ఆపి దోచుకుందామని అడ్డం తిరిగితే అది పోలీసు జీపు అయినట్టుంది వాళ్ల పని. పదకొండుమంది దొరికిపోయారు. విక్టోరియాలో కేసు నడిచింది. 2010 జూలైలో తలా పదేళ్ల జైలుశిక్ష పడింది. లక్ష జనాభా ఉన్న దేశం, పెద్ద పెద్ద దేశాలు పట్టుకుని కూడా ఎక్కడ విచారించాలో తేలక వదిలేస్తున్న రోజుల్లో, దొంగలను తన కోర్టులోనే నిలబెట్టింది. నాకు ఆ ఓడ మీద ఎంత ఇష్టమో ఆ కోర్టు మీదా అంత గౌరవం.

ఆ కేసు తీర్పు ఇంకా రాకముందే, దొంగలు దొరికిన మూడు నెలల పైచిలుకుకు ఇంకో సంగతి జరిగింది. 2010 మార్చి నెలాఖరు. ఈసారి సంగతి నవ్వులాట కాదు. దొంగలు ముందే ఒక ఇరాన్ పడవను పట్టుకుని ఉన్నారు, అందులో 21 మంది సిబ్బంది. ఆ తర్వాత సీషెల్స్‌కు చెందిన గలాట్ అనే చేపల పడవను పట్టుకున్నారు, అందులో ఆరుగురు. మొత్తం 27 మంది బందీలు. అందరినీ ఆ ఇరాన్ పడవలోనే కూర్చోబెట్టుకుని సోమాలియా వైపు బయల్దేరారు.

ఇక్కడ ఒక విషయం మనం పట్టుకోవాలి. దొంగలు ఒకసారి సోమాలియా తీరం చేరారంటే ఇక చేసేదేం లేదు. బేరం మొదలవుతుంది. నెలలు పడుతుంది. డబ్బు కట్టాలి. కాబట్టి ఆపితే నీళ్లమీదే ఆపాలి, దారిలోనే ఆపాలి. అప్పటి అధ్యక్షుడు జేమ్స్ మిషెల్ ఇచ్చిన ఆదేశం అదే: సోమాలియా చేరనివ్వద్దు.

టోపాజ్ బయల్దేరింది.

మార్చి 30న అందుకుంది. ముందు హెచ్చరికగా కాల్చారు. పడవ ఆగలేదు. ఇప్పుడేం చేయాలి? పడవమీద గట్టిగా కాలిస్తే లోపలున్నది 27 మంది అమాయకులు. కాల్చకపోతే పడవ పోతుంది. టోపాజ్ మీదున్నవాళ్లు ఇంజిన్ మీద గురిపెట్టారు. ఇంజిన్ మీద మాత్రమే. ఇంజిన్‌కు తగిలింది, పడవకు నిప్పంటుకుంది. బందీలూ దొంగలూ అందరూ నీళ్లలోకి దూకేశారు. ఆ 27 మందినీ ప్రాణాలతో పైకి తీశారు. 27 మందినీ!

అంతటితో అయిపోలేదు. రక్షించినవాళ్లను ఎక్కించుకుని ఇంటిదారి పట్టిన టోపాజ్ మీద మరో దొంగల గుంపు దాడి చేసింది. ఒక ట్రాలర్, అంటే పెద్ద చేపల పడవ, రెండు స్పీడు పడవలు. టోపాజ్ తిరిగి కాల్చింది. ట్రాలర్ మునిగింది, ఒక స్పీడు పడవ మునిగింది, రెండోది పారిపోయింది. ఒకే ప్రయాణంలో రెండు పోరాటాలు. అదీ 46 మీటర్ల ఓడ, ముప్పై చిల్లరమంది.

ఈ కథ విన్నవాళ్లు ఎవరైనా తుపాకుల గురించి అడుగుతారు. నేను మాత్రం ఇంజిన్ల గురించి అడుగుతాను. ఆ రోజు టోపాజ్ ఇంజిన్లు మొరాయించి ఉంటే? అప్పటికి ఓడ వయసు తొమ్మిదేళ్లు. ఉప్పునీళ్లలో తొమ్మిదేళ్లంటే తక్కువేం కాదు. వేగంగా పరిగెత్తే డీజిల్ ఇంజిన్లు అన్నేసి గంటలు తిరిగాక విప్పి చూడాల్సిందే. అడుగుభాగానికి నాచు, గుల్లలు పడితే వేగం పడిపోతుంది. వాటిని గీకాలంటే ఓడను నీళ్లలోంచి పైకి తీయాలి, డ్రై డాక్ కావాలి. విడిభాగాలు కావాలి. వాటిని బిగించే చేతులు కావాలి. యుద్ధనౌకకు కావలసినంత పెద్ద ఏర్పాటు లక్షమంది ఉన్న దేశం ఒంటరిగా పెట్టుకోవడం కష్టం. అందుకే ఈ ఓడలు రిఫిట్, అంటే పూర్తి మరమ్మతు కోసం అంతదూరం నుంచి మన దేశపు డాక్‌యార్డులకు వస్తుంటాయి.

ఓడను ఎవరిచ్చారు అన్నది వార్త. దాన్ని ఎవరు బాగుచేస్తారు అన్నది అసలు సంగతి. మరోసారి చెబుతాను, ఎందుకంటే రేడియోలో వెనక్కి తిప్పి వినలేరు కదా. దాన్ని ఎవరు బాగుచేస్తారు?

ఆ తర్వాత సీషెల్స్‌కు మన దేశం చాలానే ఇచ్చింది. 2013లో సముద్రంమీద గస్తీ తిరిగే డోర్నియర్ అనే చిన్న విమానం ఒకటి. అల్డాబ్రాకు ఓడ రెండు రోజులు పోతే ఈ విమానం కొన్ని గంటల్లో చూసొస్తుంది. 2014లో టోపాజ్‌కు తోబుట్టువైన ఓడ ఐఎన్ఎస్ తరాసా వెళ్లింది, ఇప్పుడు దాని పేరు కాన్‌స్టంట్. 2018లో రెండో డోర్నియర్. 2021 ఏప్రిల్‌లో జొరాస్టర్ అనే కొత్త గస్తీ ఓడ, దాదాపు 49 మీటర్లది, ఖర్చు 100 కోట్ల రూపాయలు. అదీ కోల్‌కతాలో కట్టిందే. ఇవన్నీ దోస్తీకి మాత్రమే ఇచ్చారని నేననుకోను. హిందూ మహాసముద్రంలో చైనా అడుగు పెరుగుతున్నకొద్దీ మన కానుకలూ పెరిగాయి. అందులో తప్పేం కనబడదు నాకు, కాకపోతే దాన్ని దానం అని పిలవడం కొంచెం అతి.

బాగుచేయడం ఒక ఎత్తయితే నడపడం ఇంకో ఎత్తు. మన పక్కనే ఉన్న మాల్దీవుల్లో 2024లో ఏం జరిగిందో చూడండి. వాళ్ల దగ్గర మనమిచ్చిన రెండు హెలికాప్టర్లు, ఒక డోర్నియర్ ఉన్నాయి. దూరపు దీవుల్లో ఎవరికైనా గుండెపోటొస్తే, కాన్పు కష్టమైతే, రాజధాని మాలే ఆసుపత్రికి తీసుకొచ్చే పనికి అవి బాగా ఉపయోగపడేవి. కొత్త ప్రభుత్వం మన సైనిక సిబ్బందిని వెళ్లిపొమ్మంది. మే 10 నాటికి వెళ్లిపోయారు, వాళ్ల బదులు మననుంచే సైన్యానికి సంబంధంలేని సాంకేతిక సిబ్బంది వెళ్లారు. ఆ వెంటనే అక్కడి రక్షణమంత్రి విలేకరుల ముందు ఒప్పుకున్నారు: ఈ మూడింటినీ నడపగలిగిన పైలట్లు మా సైన్యంలో లేరు అని. యంత్రం వాళ్లది, తాళంచెవి వాళ్లది, ఎక్కి కూర్చునే మనిషి మాత్రం లేడు. పైలట్‌ను తయారుచేయడానికి ఏళ్లు పడుతుంది, అదీ ఏ దేశమూ బహుమతిగా ప్యాక్ చేసి పంపలేదు.

తార్ముగ్లీ పేరు గుర్తుందా? పాత తార్ముగ్లీ సీషెల్స్‌కు వెళ్లిపోయాక మన నౌకాదళం అదే పేరుతో కొత్త ఓడను తెచ్చుకుంది. 2016 మే 23న విశాఖపట్నంలో, మన నేవల్ డాక్‌యార్డులో అది విధుల్లో చేరింది. దానిమీద బిగించిన 30 మిల్లీమీటర్ల తుపాకీ ఎక్కడిదనుకున్నారు? మెదక్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీది. సంగారెడ్డి దగ్గర ఎద్దుమైలారంలో ఉంటుందే, అదే. సముద్రం మొహం చూడని ఊళ్లో తయారై సముద్రంమీదికి వెళ్లింది. విశాఖలో ఏడేళ్లు పనిచేసిన ఆ ఓడను 2023 మే 2న మాల్దీవులకు అప్పగించారు, ఇప్పుడది హురావీ. అంటే తార్ముగ్లీ పేరు మోసిన రెండు ఓడలూ రెండు ద్వీప దేశాలకు వెళ్లిపోయాయి. మూడో తార్ముగ్లీ వస్తే దాన్ని ఎవరడుగుతారో!

సమయం అయిపోవచ్చింది, ఒక్క పనికొచ్చే మాట చెప్పి సెలవు తీసుకుంటాను. ఈ ఓడలను బాగుచేసే చేతులు అని ఇందాకటినుంచి అంటున్నాను కదా, ఆ చేతులు తయారయ్యే చోటు మన దగ్గరే ఉంది. విశాఖ నేవల్ డాక్‌యార్డులో అప్రెంటిస్ స్కూలు ఉంది. ఐటీఐ పాసైన పిల్లలను పరీక్ష పెట్టి తీసుకుంటారు. ఫిట్టరు, వెల్డరు, ఎలక్ట్రీషియను, డీజిల్ మెకానిక్కు, పైపు ఫిట్టరు, ఇలా చాలా ట్రేడులుంటాయి. నేర్చుకునే కాలంలో స్టయిపెండు కూడా ఇస్తారు. మీ ఇంట్లోగాని, మీ వీధిలోగాని ఐటీఐ చదివే పిల్లలుంటే నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో కనిపెట్టుకుని ఉండమనండి. పదో తరగతి మార్కులు, ఐటీఐ మార్కులు రెండూ చూస్తారు, కాబట్టి ఆ రెండు మెమోలు, కులధ్రువీకరణ పత్రం ముందే సిద్ధం చేసుకోమనండి. ఆఖరి రోజున మీసేవ దగ్గర క్యూలో నిలబడి టెన్షన్ పడొద్దని కూడా చెప్పండి.

ఉంటాను. నమస్కారం.