‘బాగుంది’, ‘బాగానే ఉంది’: వెర్బల్ పరీక్షకు ఏమి చదవాలి?

(జిల్లా గ్రంథాలయంలో డిగ్రీ, ఇంజినీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ గ్రంథాలయానికి నేను చాలా ఏళ్ళుగా వస్తున్నాను. సాయంత్రమైతే పఠన మందిరంలో ఒక్క కుర్చీ ఖాళీ ఉండదు. చూడముచ్చటగా ఉంటుంది. కానీ కూర్చున్నవారి చేతుల్లో గ్రంథాలయం పుస్తకాలు కనిపించవు. అందరూ ఇంటి నుంచి తెచ్చుకున్న గైడ్లే చదువుతుంటారు. వారి వెనక బీరువాల్లో పత్రికలు, వ్యాస సంపుటాలు దుమ్ము పట్టి ఉంటాయి. విదేశాల్లో పైచదువులకు రాసే జీఆర్‌ఈ, మన ఐఐఎంల వంటి చోట్ల ఎంబీఏకు రాసే క్యాట్ లాంటి పరీక్షల్లో వెర్బల్ విభాగం, అంటే ఇంగ్లిషు చదివి అర్థం చేసుకునే శక్తిని చూసే భాగం, గట్టెక్కడానికి కావలసిన సరుకు ఆ బీరువాల్లోనే ఉందని నా నమ్మకం. మాట్లాడమని పిలిచినప్పుడు ఈ అంశమే ఎంచుకోవడానికి కారణం అదే.

కొన్నేళ్ళ కిందట ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదివే కుర్రవాడు ఒకడు నా దగ్గరికి వచ్చాడు. మూడున్నర వేల ఇంగ్లిషు పదాల జాబితా మొత్తం కంఠస్థం చేశాడు. ఏ పేజీ తెరిచి అడిగినా అర్థం టక్కున చెప్పాడు. అయినా జీఆర్‌ఈ నమూనా పరీక్షల్లో వెర్బల్ స్కోరు 146 దాటడం లేదు. 130 నుంచి 170 దాకా ఉండే కొలమానంలో అది చాలా కింద ఉన్నట్టే. అతని ముందు ఒక చిన్న వాక్యం పెట్టాను. కొత్తగా దొరికిన ఆధారం ఒక చరిత్రకారుడి వాదనను ‘క్వాలిఫై’ చేస్తోందని దాని భావం. వెంటనే అతను, “ఆధారం వల్ల వాదనకు అర్హత వచ్చింది, అంటే వాదన బలపడింది” అన్నాడు. అక్కడ జరిగింది దానికి ఎదురు. వాదన పూర్తిగా చెల్లదు, కొంత మేరకే చెల్లుతుంది, దానికి హద్దు గీయాలి అని ఆ మాటకు అర్థం. జాబితాలో ఆ పదం లేదు. ఎందుకు ఉంటుంది? అందరికీ తెలిసిన మాటే కదా! ఆ కుర్రవాడు ఎంత కష్టపడ్డాడో నాకు తెలుసు. ఆ కష్టం వేరే దారిలో పోయిందే అని ఆ రోజు నా మనసు చివుక్కుమంది.

మనం తెలుగులో రోజూ వాడే ఇంగ్లిషు మాటలే ఇలా దెబ్బ తీస్తాయి. బ్యాంకులో లోను ‘శాంక్షన్’ అయితే సంతోషిస్తాం. ఒక దేశం మరో దేశం మీద ‘శాంక్షన్స్’ విధిస్తే అవి ఆంక్షలు. మనకు ‘టెంపర్’ అంటే కోపం. వ్యాసంలో ఒకరి ఉత్సాహాన్ని ఏదో ‘టెంపర్’ చేసిందంటే చల్లార్చిందని, తగ్గించిందని. ‘ఎకానమీ’ మనకు దేశ ఆర్థిక వ్యవస్థ. కవి శైలిలో ‘ఎకానమీ’ ఉందంటే మాటల పొదుపు ఉందని. ఇంకా విచిత్రం ‘టేబుల్’. మన చట్టసభల్లో నివేదికను టేబుల్ చేశారంటే సభ ముందుకు తెచ్చారని అర్థం. అమెరికాలో అదే మాటకు చర్చను పక్కన పెట్టేశారని అర్థం. ఇలాంటివి ఏ జాబితా చదివినా ఒంటబట్టవు. వాక్యంలో ఎదురుపడాలి, ఒకసారి తడబడాలి, వెనక్కి వెళ్ళి మళ్ళీ చదవాలి. అప్పుడే గుర్తుంటాయి.

పరీక్ష కూడా ఎప్పుడో ఈ దారికి వచ్చింది. 2011 ఆగస్టులో జీఆర్‌ఈ నుంచి వ్యతిరేక పదాలు, పదాల జతల పోలికలు తీసేశారు. బట్టీకి లొంగేవి అవే. ఇప్పుడు ఉన్నవి మూడు రకాలు: పేరా చదివి జవాబు చెప్పడం, ఖాళీలు పూరించడం, వాక్యానికి ఒకే భావం తెచ్చే రెండు మాటలు ఎంచడం. 2023 సెప్టెంబరు నుంచి పరీక్ష నిడివి కూడా తగ్గి, వెర్బల్‌కు 27 ప్రశ్నలు, 41 నిమిషాలు అయ్యాయి. మూడు ఖాళీల ప్రశ్నలో రెండు సరిగ్గా పెట్టి ఒకటి తప్పితే వచ్చేది సున్నా. క్యాట్‌లో ఇటీవలి ఏళ్ళలో ఈ విభాగానికి 40 నిమిషాలు, 24 ప్రశ్నలు. వాటిలో 16 ప్రశ్నలు నాలుగు వ్యాసభాగాల మీదే వస్తున్నాయి. పదజాబితా అసలు వద్దని నేను అనను. జీఆర్‌ఈకి కొన్ని వందల పదాలు తెలిసి ఉండటం మంచిదే. అది ఊరగాయ లాంటిది. అన్నం లేకుండా ఊరగాయ తిని కడుపు నింపుకోలేము.

మరి అన్నం ఏది? చాలామంది చెప్పే జవాబు ఇంగ్లిషు దినపత్రిక సంపాదకీయం. మొదటి మెట్టుగా మంచిదే. దాని మీదే ఆగిపోవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. నిన్న టీవీలో విన్న వార్త మీదే ఇవాళ సంపాదకీయం చదువుతాం. విషయం ముందే తెలుసు, పత్రిక వైఖరి కూడా తెలుసు. కళ్ళు అక్షరాల మీద పరిగెడుతుంటే, బుద్ధి తనకు తెలిసినదాన్నే తిరగేస్తూ ఉంటుంది. పరీక్షలో అలా కుదరదు. అక్కడ భూగర్భశాస్త్రం ఇస్తారు, సంగీత చరిత్ర ఇస్తారు, చీమల ప్రవర్తన ఇస్తారు. పేరాలో ఉన్నది తప్ప ఆధారపడటానికి ఇంకేమీ ఉండదు. పైగా కాస్త తెలిసిన విషయం వస్తే మరీ ప్రమాదం. పేరా చెప్పినదాన్ని వదిలి మనకు తెలిసినదాన్ని జవాబుగా పెట్టేస్తాం.

కాబట్టి నా మొదటి సలహా మీకు కాస్త చేదుగా ఉండవచ్చు. మీకు ఇష్టం లేని విషయాన్నే ఎంచుకోండి. కంప్యూటర్ సైన్స్ వాళ్ళు చిత్రకళ మీద వ్యాసం తీసుకోండి. కామర్స్ వాళ్ళు సముద్రగర్భం గురించి చదవండి. విషయం కొత్తదై ఉండాలి, వాక్యం మాత్రం అందేదై ఉండాలి. ఒక పేజీలో నాలుగైదు మాటలు తెలియకపోతే ఫరవాలేదు. పదీ పదిహేనూ తెలియకపోతే ఆ పత్రికను మూడు నెలల తర్వాత తెరవండి. ఒక్క మాట కూడా అడ్డుపడకపోతే అది మీకు విశ్రాంతికి పనికొస్తుంది, సాధనకు కాదు.

చదివింది అర్థమైందో లేదో తెలుసుకోవడానికి నా దగ్గర ఒకటే పరీక్ష ఉంది. పేరా పూర్తికాగానే పుస్తకం మూసి, రచయిత ఏమన్నాడో ఇంట్లో అమ్మకు చెప్పినట్టు తెలుగులో ఒకటి రెండు వాక్యాల్లో చెప్పండి. ఇంగ్లిషులో చెప్పమంటే ఆయన మాటలే అటూ ఇటూ తిప్పి చెప్పి తప్పించుకోవచ్చు. తెలుగులో ఆ వీలుండదు. ‘క్వాలిఫై చేశాడు’ అంటే అమ్మ ఊరుకోదు, అంటే ఏమిటని అడుగుతుంది. తెలుగు మాధ్యమంలో చదివాం, మాకు వెర్బల్ రాదు అని దిగులుపడే పిల్లలను నేను ఎంతోమందిని చూశాను. మీ తెలుగు మీకు అడ్డంకి కాదు, నాయనా. మంచి తెలుగు వచ్చినవారి చేతిలో గట్టి గీటురాయి ఉన్నట్టే.

ఒకసారి చేసి చూద్దాం. పరీక్షలో వచ్చే తీరులో నేను ఒక పేరా రాసుకొచ్చాను, వినండి.

“ఖండాలు కదులుతున్నాయని వెజెనర్ 1912లో ప్రతిపాదించినప్పుడు భూగర్భ శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. ఆయన వాతావరణ శాస్త్రవేత్త కావడం వల్ల, బయటివాడనే చిన్నచూపుతో కాదన్నారని తరచూ చెబుతారు. ఆ చిన్నచూపు కొంత ఉండవచ్చు. అయితే అంత పెద్ద భూభాగాలను కదిలించగల శక్తి ఏదో ఆయన సంతృప్తికరంగా చూపలేకపోయారు. ఆ లోటును ఎత్తిచూపడం శాస్త్ర పద్ధతికి తగినదే. 1960లలో సముద్రగర్భ పరిశోధనలు కొత్త ఆధారాలు అందించాకే ఖండాల కదలిక విస్తృతంగా ఆమోదం పొందింది.”

ఆ శాస్త్రవేత్తల గురించి ఈ పేరా రాసినవారి అభిప్రాయం ఏమిటి? తరగతిలో అడిగితే సగం మంది ‘వాళ్ళు మొండివాళ్ళు, వెజెనర్‌కు అన్యాయం చేశారు’ అంటారు. బడిలో మనం విన్న కథ అదే కాబట్టి. ఇంకొందరు ‘వెజెనర్‌దే తప్పు’ అంటారు. రెండూ పేరాలో లేవు. వారి ముగింపు తప్పని తర్వాత తేలినా, వారు లేవనెత్తిన అభ్యంతరం సబబైనదేనని రచయిత అంటున్నాడు. ‘కొంత ఉండవచ్చు’ అని ఒక అడుగు వెనక్కి వేసి, ‘అయితే’ అని రెండు అడుగులు ముందుకు వేశాడు. ఆ ‘అయితే’ దగ్గర ఆగనివారికి మార్కు పోతుంది. ఈ పేరాలో కష్టమైన మాట ఒక్కటీ లేదని గమనించారా?

ఈ మెలికలు పట్టుకోవడం మనకు పుట్టుకతోనే వచ్చు. భోజనానికి వచ్చిన చుట్టం ‘వంట బాగుంది’ అంటే ఇంటివాళ్ళ ముఖం వెలుగుతుంది. ‘వంట బాగానే ఉంది’ అంటే ఏమి తక్కువైందా అని ఆలోచనలో పడతారు. పెళ్ళిచూపుల తర్వాత ‘అబ్బాయి మంచివాడు’ అంటే సంబంధం ముందుకు సాగుతుంది. ‘అబ్బాయి మంచివాడే’ అంటే మిగతా మాట కోసం అందరూ ఎదురుచూస్తారు. ఆ ఒక్క ‘ఏ’కారంలో ఒక ‘కానీ’ దాగి ఉందని ఏడేళ్ళ పిల్లకు కూడా తెలుసు. రచయిత వైఖరి ఏమిటి అని అడిగే ప్రశ్న పరీక్షించేది సరిగ్గా ఈ చెవినే. ఇంగ్లిషులో ఆ ‘ఏ’కారం ఎక్కడెక్కడ దాక్కుంటుందో తెలియాలి, అంతే.

అది దండిగా దొరికే చోటు పుస్తక సమీక్ష. ఏదైనా ఒకే ఒక రకం చెప్పమంటే నేను దీన్నే చెబుతాను. సమీక్షకుడు పుస్తకంలో ఏముందో చెప్పాలి, తన అభిప్రాయమూ చెప్పాలి. ఏది గ్రంథకర్త మాట, ఏది సమీక్షకుడి మాట అని విడదీసుకుంటూ చదవడం అద్భుతమైన సాధన. మెచ్చుకుంటూనే చురక వేస్తాడు, చురక వేస్తూనే గౌరవిస్తాడు. లండన్ రివ్యూ ఆఫ్ బుక్స్, న్యూయార్క్ రివ్యూ ఆఫ్ బుక్స్ ఇందుకు పేరుపడ్డవి. మొదట్లో బరువనిపిస్తాయి. మన ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో కూడా సమీక్షలు ఉంటాయి. అక్కడ మొదలుపెట్టవచ్చు. ఆ తర్వాత విజ్ఞానం. సైంటిఫిక్ అమెరికన్ మంచిది. డబ్బు పెట్టలేనివారికి బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ప్రచురించే రెజొనెన్స్ పత్రిక ఉంది. 1996 నుంచి వస్తున్నది, ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. సమీకరణాలు నిండిన వ్యాసాలు వదిలి, శాస్త్రవేత్తల జీవితాల మీద, ఆలోచనల చరిత్ర మీద రాసినవి తీసుకోండి. తత్త్వం, మనస్తత్వం మీద పెద్ద వ్యాసాలకు ఏయాన్ అనే ఇంటర్నెట్ పత్రిక ఉంది. అదీ ఉచితమే. క్యాట్ రాసేవారికి అది బాగా అక్కరకు వస్తుంది.

మనకు ప్రత్యేకంగా ఉన్న ఇబ్బంది ఒకటి చెప్పాలి. ‘నిన్న మా ఇంటికి వచ్చిన, మీ అన్నయ్యతో కలిసి చదువుకున్న అబ్బాయి వెళ్ళిపోయాడు’ అంటాం. వర్ణనంతా ముందు వచ్చేసి, అబ్బాయి, అతని వెళ్ళిపోవడం పక్కపక్కనే ఉంటాయి. ఇంగ్లిషులో అబ్బాయి ముందు వస్తాడు, వర్ణన అతని వెనక వరుస కడుతుంది, వెళ్ళిపోవడం ఎక్కడో మూడో పంక్తిలో ఉంటుంది. అక్కడికి చేరేసరికి ఎవరు వెళ్ళారో మరిచిపోతాం. దీనికి మందు పొడవాటి వాక్యాలే. రోజుకు ఒక్క పేజీ పాత వ్యాసం తీసుకుని, పెన్సిలుతో ప్రతి వాక్యంలో కర్త కింద ఒక గీత, దాని క్రియ కింద ఒక గీత గీయండి. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లిషు వ్యాసాలు దీనికి చక్కగా సరిపోతాయి. 1971లో మొదలైన ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో అవి వేల సంఖ్యలో ఉచితంగా దొరుకుతాయి. సుప్రీంకోర్టు తీర్పులు కూడా ఇందుకు పనికొస్తాయి. ఒక పక్షం వాదన, రెండో పక్షం వాదన, న్యాయమూర్తి నిర్ణయం మూడూ వేరువేరుగా కనిపిస్తాయి.

నవలలు చదవవచ్చా అని తప్పకుండా అడుగుతారు. ఏడాది వ్యవధి ఉంటే తప్పక చదవండి. గంటసేపు కదలకుండా ఇంగ్లిషులో కూర్చోగలగడం నవల ఇచ్చే వరం. మూడు నెలలే ఉంటే వ్యాసాలకు రండి. చివరి మూడు వారాలు మాత్రం అసలు ప్రశ్నలే చేయాలి. జీఆర్‌ఈ నిర్వహించే ఈటీఎస్ సంస్థ రెండు పూర్తి నమూనా పరీక్షలు ఉచితంగానే ఇస్తోంది. క్యాట్‌కు గత సంవత్సరాల పత్రాలు ఉన్నాయి. వేరేవారు తయారుచేసిన ప్రశ్నల్లో ఆ మెలిక అంత నిక్కచ్చిగా కుదరడం నేను అరుదుగా చూశాను.

రోజుకు ఎంత అంటే, శ్రద్ధగా రెండు పేజీలు. ఎక్కువ చదవమని నేను ఎవరికీ చెప్పను. రెండు పేజీలు చదివి, ఒక్కో పేరాను తెలుగులో చెప్పుకోవడానికి ముప్పావుగంట పడుతుంది. తెలియని మాట దొరికితే విడిగా రాసుకోవద్దు, ఆ వాక్యం మొత్తం నోటుబుక్కులోకి ఎక్కించండి.

గ్రంథాలయం వారు దయతో బీరువాల్లోని పాత పత్రికలు కొన్ని తీసి, దుమ్ము దులిపి వెనక బల్ల మీద పెట్టారు. ఒక్కొక్కరు ఒకటి తీసుకోండి. మీకు నచ్చిన విషయం కనిపిస్తే దాన్ని వదిలి పక్కది తీసుకోండి. ఒక్క పేరా చదివి, పక్కన కూర్చున్నవారికి తెలుగులో చెప్పండి. వినేవారు మధ్యలో ఆపి, ‘ఇంతకీ ఆయన ఒప్పుకున్నట్టా, కాదన్నట్టా?’ అని అడగాలి. చెప్పలేకపోతే మళ్ళీ పేరాలోకి వెళ్ళండి. ఇరవై నిమిషాల సమయం ఉంది. నేను మీ మధ్యే తిరుగుతూ ఉంటాను, పిలవండి.