చేతుల బీడీ, నోట్ల "ఏం చెయ్యది"

వినేటోళ్ళందరికీ నమస్తే. ఆడోళ్ళ హక్కుల కోసం ప్రభుత్వం ఏసే కమిషన్ల గురించి నాలుగు మాటలు చెప్పమన్నరు. కమిషనంటే ఏముంది, తిరుగుతరు, రాస్తరు, బీరువాల పెడతరు అని చాలామంది అంటరు గానీ నేను అట్ల అనలేను, నాకు మా చిన్నమ్మ యాదికొస్తది.

చిన్నమ్మది కోరుట్ల. పొద్దుగాల్నే ఒళ్ళె చాట పెట్టుకొని కూసునేది. నానబెట్టిన తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మధ్యల అన్నం ఉడికిందా అని ఒక్కసారి చూసొచ్చి మళ్ళ కూసునేది. కార్ఖానాకు తీసుకపోతే మంచిగ లేవని కొన్ని పక్కకు తీసేటోళ్ళు, వాటికి కూలీ లేదు. 1981ల జనాభా లెక్కల సారు వచ్చి మీ ఇంటామె ఏం పని చేస్తది అని చిన్నాయినను అడిగిండు. "ఏం చెయ్యది, ఇంట్లనే ఉంటది" అన్నడు చిన్నాయిన. చిన్నమ్మ అక్కడనే కూసున్నది, చేతుల బీడీ ఉన్నది. సారు అట్లనే రాసుకొని పోయిండు.

1974లనే ఒక కమిటీ దేశంల ఆడోళ్ళ పరిస్థితి మీద రిపోర్టు ఇచ్చి మహిళా కమిషన్ కావాలన్నది, అది వచ్చేసరికి 1992 అయ్యింది, ఆలస్యమే. నాకిష్టమైంది మాత్రం 1987ల ఏసిన కమిషన్, కష్టం చేసుకునే ఆడోళ్ళ కోసం 'సేవ' సంఘం పెట్టిన ఇలా భట్ గారు దానికి అధ్యక్షురాలు. ఇండ్లల్ల, చేన్లల్ల, బజార్లల్ల కష్టపడే ఆడోళ్ళ దగ్గరికి పోయి వాళ్ళ నోటితోనే విని 1988ల శ్రమశక్తి అని రిపోర్టు ఇచ్చిన్రు. ఇంట్ల కూసొని చేసినా పని పనే, ఆమె కార్మికురాలే, లెక్కల్ల రాయాలె అన్నరు. 1991 జనాభా లెక్కల ప్రశ్నల, కూలీ లేకుంట సొంత చేన్ల, ఇంటి వ్యాపారంల చేసేది గూడ పనే అని కలిపిన్రు.

రాస్తే ఏమొస్తది అంటరా? తెలంగాణ వచ్చినంక బీడీ కార్మికులకు జీవనభృతి ఇచ్చిన్రు, పీఎఫ్ ఉన్నోళ్ళకే. చిన్నమ్మ ముప్పై ఏండ్లు చుట్టింది, పీఎఫ్ పాస్‌బుక్కు ఆమె అత్త పేరు మీద ఉండె. ముప్పై ఏండ్లు. ఆమె పేరు ఏ కాగితం మీద లేదు.

అందుకే ఒక్కటే అడుగుత. 2027 జనాభా లెక్కలకు ఇంటికొచ్చి అడిగితే, వరంగల్ కొత్తవాడల దర్రీ నేసే అక్క, మిర్చి తొడిమెలు తీసే అక్క, మిషన్ కుట్టే చెల్లె, ఎవరి పని వాళ్ళే ముందుకొచ్చి చెప్పున్రి. ఏడాదంత చెయ్యకున్నా, రెండు నెలలే చేసినా చెప్పున్రి. అన్నలూ, మీరు జవాబు చెప్పేదుంటే "ఇంట్లనే ఉంటది" అనకున్రి.

మొన్న కోరుట్ల పోయినప్పుడు ఈసారి సారొస్తే ఏం చెప్తవ్ చిన్నమ్మా అని అడిగిన. "కండ్లు కనవడతలేవు బిడ్డా, నేను చేస్తలేను. కోడలు చుడుతున్నది. దాని పేరు పక్కన రాయిస్త, అక్కడనే నిలవడి రాయిస్త" అన్నది.