క్వాండో తర్వాత ఏం వస్తుంది?

అధ్యక్షులవారికీ వేదిక మీదున్న పెద్దలకూ నమస్కారం. అందరి పేర్లూ చదివితే నాకిచ్చిన టైం అక్కడే అయిపోతుంది, మన్నించండి.

స్పానిష్ క్రియల గురించి తేలిగ్గా నాలుగు మాటలు చెప్పమన్నారు. చెబుతాను. ముందు ఒక అట్టముక్క మీద నా కోపం తీర్చుకోనివ్వండి. నేను ఒకప్పుడు పాఠాలు చెప్పిన కోచింగ్ సెంటర్లో దాన్ని గోడకు అంటించారు: ‘సందేహమైతే సబ్‌జంక్టివ్, ఖాయమైతే ఇండికేటివ్’. ఇవి స్పానిష్ క్రియకుండే రెండు రకాల రూపాలు: ఇండికేటివ్ మామూలుది, సబ్‌జంక్టివ్ కొన్నిచోట్ల దాని బదులు వచ్చేది. పిల్లలు బట్టీపట్టేవారు. మార్కులూ వచ్చేవి! మాట్లాడమంటేనే నోరు పెగిలేది కాదు.

రేపు పొద్దు పొడుస్తుందా? ఎవరికైనా డౌటుందా? లేదు కదా. అయినా ‘పొద్దు పొడిచాక బయల్దేరదాం’ అనాలంటే మాడ్రిడ్‌లోనైనా మెక్సికోలోనైనా ‘క్వాండో సాల్గ ఎల్ సోల్’ అనే అంటారు. క్వాండో అంటే ‘ఎప్పుడు’, ‘అప్పుడు’. సాల్గ అంటే పొడవడం, సబ్‌జంక్టివ్‌లో. రేపటి పొద్దు ఇంకా పొడవలేదు, అంతే కారణం. రోజూ జరిగే సంగతైతే ‘క్వాండో సాలె’, ఇండికేటివ్. రెండుచోట్లా ఉన్నది ఆ క్వాండోనే, ఆ సూర్యుడే.

ఇప్పుడు తిరగేసి చూడండి. ‘ఆ లో మెహోర్ బ్యేనె’ అంటే ‘వస్తాడేమో’. నిండా సందేహమే, కానీ బ్యేనె ఇండికేటివ్! ‘కిసా’, అంటే ‘బహుశా’, అని మొదలుపెడితే బ్యేనె అయినా నడుస్తుంది, దాని సబ్‌జంక్టివ్ బేంగ అయినా నడుస్తుంది. అట్టముక్క ఏం చేస్తుంది పాపం?

‘క్రేయో కే బ్యేనె’ (వస్తాడనుకుంటున్నాను) అన్నవాడు అతను వస్తాడని తన మాటగా చెబుతున్నాడు. ‘నో క్రేయో కే బేంగ’ (వస్తాడనుకోను) అన్నవాడు ఆ మాట తన నెత్తిన వేసుకోవడం లేదు. నన్నడిగితే పాఠం ఇక్కడ మొదలుపెట్టాలి.

మనవాళ్లు ‘వచ్చినప్పుడు’ లాంటి చోట కూడా క్వాండో తర్వాత నేరుగా భవిష్యత్తు రూపం పెట్టేస్తారు, అది తప్పు. తెలుగులో ‘రేపు అతను వచ్చినప్పుడు చెబుతాను’ అంటాం. రేపటి సంగతికి ‘వచ్చిన’ ఏమిటని ఎవరైనా అడిగారా?

అన్నట్టు, స్పానిష్‌లో భవిష్యత్తుకని ఇంకో సబ్‌జంక్టివ్ ఉండేది. మాటల్లో దాదాపు పోయింది, సామెతల్లోనూ చట్టాల్లోనూ మిగిలింది. స్పెయిన్ 1995 శిక్షాస్మృతిలో 138వ అధికరణం ‘ఎల్ కే మతారె ఆ ఓత్రో’ అంటూ మొదలవుతుంది; మతారె ఆ రూపమే. మరొకరిని చంపినవాడికి 10 నుంచి 15 ఏళ్ల జైలు. చంపేదెవరో తెలీదు, అసలు చంపుతాడో లేదో తెలీదు, శిక్ష మాత్రం రెడీ! పక్కనున్న పోర్చుగీసువాళ్లు ఆ రూపాన్ని ఇప్పటికీ ఇంట్లో, బజార్లో వాడుతున్నారు. దీని మీద గంట మాట్లాడగలను, అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు.

వెనక వరసలో నవ్వుతున్నవాళ్లు కాస్త వినండి. ‘ఎప్పుడొస్తాడో తెలీదు’, ‘వచ్చినప్పుడు చెబుతాను’. మొదటిదాంట్లో ‘నో సే క్వాండో బెంద్రా’, మామూలు భవిష్యత్తే. రెండోదాంట్లో ‘క్వాండో బేంగ’, సబ్‌జంక్టివ్. తెలీదని నోరు విప్పి చెప్పింది మొదటి వాక్యంలోనే కదా? ఆ అట్టముక్క రాసినవాళ్లు ఈ హాల్లో ఉంటే లేచి జవాబు చెప్పాలి. మైకు ఇస్తాను.