ముసురు పట్టిన మూడు రోజులూ వ్యాయామం ఎలా? తిరుపతి వాకర్ల కోసం

[దృశ్యం: తెల్లవారుజామున 5 గంటలు. ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండ్. సన్నగా వాన. ట్రాక్ మీద నీళ్లు నిలిచి ఉన్నాయి, మనుషులు లేరు.]

నమస్కారం అండీ. మామూలు రోజుల్లో ఈ టైముకి ఇక్కడ నడవాలంటే ముందు పోయేవాళ్లను తప్పించుకుంటూ నడవాలి. ఈ రోజు చూడండి, ఖాళీ. రెండు రోజులుగా ముసురు మరి. మా వాకింగ్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో మాత్రం జనం నిండుగా ఉన్నారు. గుడ్ మార్నింగ్ ఫొటోలు, కపిలతీర్థం జలపాతం దుముకుతున్న వీడియో, అదే వీడియో మళ్లీ ఇంకొకరు. నడక సంగతి ఎవరైనా ఎత్తితే ఒకటే జవాబు: "వానలో యాడికి పోతాంలే అన్నా, వాన నిలిచినాక చూస్తాం."

ఆ "నిలిచినాక" దగ్గరే వస్తుంది తంటా. వాన నిలుస్తుంది, ఎండ కూడా వస్తుంది, మనం మాత్రం దుప్పటిలోంచి బయటికి రాము. కొందరైతే మళ్లీ సంక్రాంతి దాటాకే కనబడతారు.

[స్క్రీన్ మీద: బంగాళాఖాతం మ్యాప్. వాయుగుండం తీరం వైపు కదులుతున్నట్టు యానిమేషన్.]

ముందు మన వాన తీరు చూద్దాం. తిరుపతి, చిత్తూరు వైపు ఏడాది వానలో పెద్ద భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపల, ఈశాన్య రుతుపవనాలప్పుడు పడుతుంది. ఇది రోజూ కాసేపు పడి పోయే వాన కాదు. బంగాళాఖాతంలో అల్పపీడనం పుడుతుంది, బలపడి వాయుగుండమవుతుంది, తమిళనాడు వైపో నెల్లూరు వైపో వస్తుంది. ఆ తేమ గాలి మన శేషాచలం కొండలకు తగిలి పైకి లేచి చల్లబడి ఇక్కడే కురుస్తుంది. రెండు, మూడు, మహా అయితే నాలుగు రోజులు. తర్వాత తెరిపి. ఇంకో వారం పది రోజులకు మళ్లీ ఒకటి.

అంటే మనం దాటాల్సింది మూడు నెలల వానాకాలం మొత్తాన్ని కాదు. మూడు రోజుల ముసుర్లు కొన్నింటిని.

ఇప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. మీరు గట్టిగా అరగంట నడిచారనుకోండి. కాలి కండరాలు తమలో దాచుకున్న చక్కెర కొంత ఖర్చు పెట్టేస్తాయి. ఆ ఖాళీ నింపుకోవడానికి తర్వాత చాలా గంటల పాటు రక్తంలోని గ్లూకోజును మామూలు కంటే తేలిగ్గా లాక్కుంటాయి. ఇన్సులిన్ కొంచెం ఉన్నా బాగా పనిచేస్తుంది. ఈ మేలు ఒక రోజు, రెండు రోజులు ఉంటుంది. తర్వాత తగ్గిపోతుంది. అందుకే షుగర్ ఉన్నవాళ్లు వరసగా రెండు రోజులకు మించి వ్యాయామం లేకుండా ఉండకూడదని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చెబుతుంది. నడక వల్ల బీపీ తగ్గడం కూడా ఇలాంటిదే, ఆ రోజుకు ఆ రోజే వచ్చే లాభం అందులో చాలా ఉంది.

లెక్క చూడండి. నడక ఇచ్చిన మేలు రెండు రోజులు, మన ముసురు మూడు రోజులు. మూడో రోజు పొద్దున గ్లూకోమీటరులో 180 చూసి "నిన్న రాత్రి ఏం తిన్నానబ్బా" అని ఆలోచిస్తాం. తిన్నదీ ఉంటుందిలెండి, ముసురులో మిరపకాయ బజ్జీ బండి దాటి ఇంటికి రావడం ఎవరి తరం? కానీ నడక మానేసింది కూడా అందులో ఉంది.

దమ్ము సంగతి వేరు. గుండె, ఊపిరితిత్తుల సత్తా మూడు రోజుల్లో ఎక్కడికీ పోదు. అది తగ్గినట్టు తెలియాలంటే రెండు వారాలైనా కదలకుండా కూర్చోవాలి. కాబట్టి "గంట నడవలేకపోయాను, అంతా పాడైపోయింది" అని టెన్షన్ పడక్కర్లేదు. ముసురు రోజుల్లో రోజూ చేసేదంతా చేయాలని నేను అనను. సగం చేయండి, పావు వంతు చేయండి. రెండు రోజులు వరసగా సున్నా మాత్రం పెట్టకండి.

పది నిమిషాలు చేస్తే ఏం లాభం అంటారా? ఒకప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఒక్కో విడత కనీసం 10 నిమిషాలుండాలని చెప్పేది. 2020లో ఇచ్చిన కొత్త మార్గదర్శకాల్లో ఆ షరతు తీసేసింది. పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యరకం వ్యాయామం, అది ఏ ముక్కల్లో చేసినా సరే. కుక్కరు మూడు విజిల్స్ వచ్చేలోపు హాల్లో చకచకా తిరిగింది కూడా లెక్కే.

[దృశ్యం: ఒక అపార్ట్‌మెంట్ మెట్లు. కెమెరా కింద నుంచి పైకి.]

సరే, ఎక్కడ చేయాలి? నా ఓటు మెట్లకు. మన ఊళ్లో మెట్లంటే ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. అలిపిరి దారిలో 3550, శ్రీవారి మెట్టు దారిలో 2388.

మీ బిల్డింగులో నాలుగు అంతస్తులు ఎక్కాలనుకోండి. అంతస్తుకు 20 మెట్ల చొప్పున 80. ముప్పై సార్లు ఎక్కితే 2400. అంటే శ్రీవారి మెట్టు అయిపోయి ఇంకో పన్నెండు మెట్లు ఎక్కువే. ఇదంతా ఒక్క పూటలో చేయమని కాదు. రోజుకు పది సార్లు, అది కూడా పొద్దున ఐదు, సాయంత్రం ఐదు. మూడు రోజుల ముసురు పూర్తయ్యేసరికి మీరు కొండ ఎక్కేసినట్టే. గోవింద నామం చెప్పుకుంటూ ఎక్కేవాళ్లకు ఇంకా తేలిక, ఊపిరి ఎలా ఉందో కూడా తెలిసిపోతుంది. నామం తడబడకుండా వస్తుంటే ఆ వేగం మీకు సరిపోయింది. మాట పూర్తిగా ఆగిపోతుంటే తగ్గించండి.

[స్క్రీన్ మీద: 80 × 10 × 3 = 2400]

మెట్లు ఎక్కడం చదును నేల మీద నడక కంటే బాగా కష్టమైన పని. శరీరం బరువును పైకి లేపాలి కదా. అందుకే తక్కువ టైములో ఎక్కువ పని అవుతుంది. కానీ దిగేటప్పుడే మోకాలి మీద ఎక్కువ భారం పడుతుంది. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు ఎక్కేటప్పుడు మెట్లు, దిగేటప్పుడు లిఫ్టు వాడండి. లిఫ్టులో పోయేటప్పుడు మాత్రం, గాలివాన గట్టిగా ఉండి కరెంటు పోతూ వస్తూ ఉంటే ఆ పూట ఆ పని పెట్టుకోకండి. తడి చెప్పులతో జనం ఎక్కి దిగిన గ్రానైట్ మెట్లు బాగా జారుతాయి. పక్కన రెయిలింగ్ పట్టుకోండి, హవాయి చెప్పులతో అసలు వద్దు. గుండె జబ్బు ఉన్నవాళ్లు, కొత్తగా స్టెంట్ వేయించుకున్నవాళ్లు డాక్టరును అడగకుండా ఈ మెట్ల లెక్క మొదలుపెట్టకండి.

[దృశ్యం: ఇంట్లో హాలు. గోడ, కుర్చీ.]

రెండో సంగతి. మన వాకర్లలో చాలామందికి నడకంటే నడకే. ఏళ్ల తరబడి నడుస్తారు, నేల మీద కూర్చుంటే మాత్రం లేవడానికి చెయ్యి అందించాలి. కండరాల బలం కోసం వారానికి రెండు రోజులైనా వేరే వ్యాయామం చేయాలన్నది కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ మాటే. ఎండ కాసే రోజుల్లో మనకు అది గుర్తు రాదు. ముసురు రోజులను దానికి వాడుకోండి. మన తాతలు తాలింఖానాలో, అంటే అప్పటి వ్యాయామశాలలో, తీసిన దండీలు, బస్కీలు ఇవే. మనం కొంచెం మెత్తగా చేద్దాం.

బస్కీకి ఒక గట్టి కుర్చీ చాలు. ప్లాస్టిక్ కుర్చీ అయితే గోడకు ఆనించండి, జరిగిపోతుంది. కుర్చీ ముందు నిలబడి పాదాలు భుజాలంత ఎడంగా పెట్టండి. చేతులు ముందుకు చాపండి. పిరుదులను వెనక్కి తీసుకుపోతూ నెమ్మదిగా కూర్చోబోండి, కుర్చీ తగలగానే లేవండి. దబ్బున కూలబడకూడదు. కిందికి పోయేటప్పుడు మనసులో మూడు లెక్కపెట్టండి, కండరానికి అసలు పని అక్కడే. మోకాళ్లు లోపలికి వాలకుండా చూసుకోండి. ఎనిమిదితో మొదలుపెట్టండి. దండీలు నేల మీద రాకపోతే గోడకు చేతులు ఆనించి చేయండి, అవీ దండీలే. సూర్య నమస్కారాలు వచ్చినవాళ్లకు ఇక నేను చెప్పేదేం లేదు, బీపీ ఎక్కువగా ఉన్నవాళ్లు తల బాగా కిందికి వంచే ఆసనాల దగ్గర జాగ్రత్త.

షుగర్ ఉన్నవాళ్లకు ఇంకో మాట. పొద్దున నడక తప్పినా, తిన్న తర్వాత 10, 15 నిమిషాలు ఇంట్లోనే తిరగండి. అన్నం తిన్నాక చక్కెర పైకి లేచే టైములోనే కండరాలు దాన్ని వాడుకుంటాయి. రాత్రి భోజనమయ్యాక టీవీ ముందు నిలబడి అడుగులు వేసినా సరే. సీరియల్ ఆపమని నేను చెప్పను, చెప్పినా వినేదెవరు?

ఇవన్నీ ఎప్పుడు చేయాలి? మీరు రోజూ నడకకు పోయే టైములోనే. ఐదున్నరకు లేచే అలవాటుంటే ఐదున్నరకే లేవండి, వాకింగ్ బట్టలే వేసుకోండి. ముసురు పోయాక గ్రౌండుకు రాకపోవడానికి కారణం కాళ్లు కాదు, ఆ మూడు రోజుల్లో ఎనిమిదింటికి లేవడానికి అలవాటు పడిన ఒళ్లు.

[దృశ్యం: మంకీ క్యాప్, స్వెట్టర్ వేసుకున్న పెద్దాయన గేటు దగ్గర షూ లేసు కట్టుకుంటూ.]

చలి సంగతి. తిరుపతిలో డిసెంబరు, జనవరి తెల్లవారుజామున 18, 19 డిగ్రీలుంటే మనకది పెద్ద చలి. మదనపల్లె సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి అక్కడ ఇంకా తగ్గుతుంది. చల్లగాలి తగిలితే వేడి బయటికి పోకుండా చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి. దాంతో బీపీ పెరుగుతుంది. మామూలుగానే నిద్ర లేచిన తర్వాత గంటల్లో బీపీ ఎక్కుతూ ఉంటుంది. ఈ రెండూ కలిసిన టైములో, దుప్పటి తీసి నేరుగా వీధిలోకి పోయి వేగంగా నడవడం గుండె జబ్బు ఉన్నవాళ్లకు మంచిది కాదు. ఇంట్లోనే ఐదు పది నిమిషాలు చేతులు, కాళ్లు ఆడించి, ఒళ్లు వెచ్చబడ్డాక బయటికి రండి. నడకను ఏడింటికి జరుపుకున్నా తప్పు లేదు. చీకట్లోనే లేచి నడిస్తేనే పుణ్యం అనే పెద్దలు మా బ్యాచ్‌లో కూడా ఉన్నారు, వాళ్లతో ఈ మాట మీదే నాకు పేచీ. మంకీ క్యాప్ చూసి పిల్లలు నవ్వితే నవ్వనివ్వండి.

నడుస్తుంటే ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లచెమట వస్తే "గ్యాస్ ఏమోలే" అనుకోకండి. నడక ఆపి వెంటనే ఆసుపత్రికి పోవాలి. 108కి ఫోన్ చేయండి.

ఆస్తమా ఉన్నవాళ్లకు చల్లగాలి ఒక ఇబ్బంది, ముసురులో గోడలకు పట్టే బూజు ఇంకొకటి. తలుపులన్నీ మూసిన గదిలో, తడి గోడ పక్కన వ్యాయామం చేస్తే ఆయాసం పెరగొచ్చు. కిటికీ కొంచెం తెరిచి పెట్టండి, ఇన్హేలర్ దగ్గర ఉంచుకోండి. ఇక నీళ్లు. చలికి దాహం వేయదు, కానీ ఒళ్లు నీరు పోగొట్టుకుంటూనే ఉంటుంది. గోరువెచ్చటి నీళ్లు ఒక గ్లాసు తాగి మొదలుపెట్టండి.

[దృశ్యం: సన్నటి తుంపరలో రోడ్డు. తర్వాత నీళ్లు నిండిన అండర్ బ్రిడ్జి పాత ఫొటో.]

"ఇంట్లో నా వల్ల కాదు, తుంపరే కదా, పోతాను" అంటారా? పోండి. తడిస్తే జలుబు వస్తుందని అమ్మలు తిడతారు గానీ జలుబు తెచ్చేది వైరస్. తడి బట్టలతో ఉండిపోవడమే ఇబ్బంది. నీరు ఒంటి వేడిని గాలి కంటే సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. తడిసిన కాటన్ బనియన్ ఒంటికి అతుక్కుని ఆ పనే చేస్తుంది. ఇంటికి రాగానే టీ కంటే ముందు బట్టలు మార్చండి.

ఉరుము వినిపిస్తే మాత్రం చర్చ లేదు, లోపలికి రావాలి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాకే బయటికి. చెట్టు కింద నిలబడొద్దు. నీళ్లు నిలిచిన చోట కరెంటు స్తంభానికి దూరంగా ఉండండి. వెస్ట్ చర్చి దగ్గరి రైల్వే అండర్ బ్రిడ్జి లాంటి చోట్ల వానప్పుడు నీళ్లు ఎంత వేగంగా నిండుతాయో మన ఊరికి తెలుసు, అటు నడకే వద్దు. కాలికి చిన్న పుండు ఉన్నా మురికి నీళ్లలో దిగకండి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల నుంచి లెప్టోస్పైరోసిస్ అనే ఎలుక జ్వరం వస్తుంది. షుగర్ వల్ల పాదాలకు స్పర్శ తగ్గినవాళ్లకు పుండు ఉన్నట్టే తెలియదు, రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోండి.

షూ తడిస్తే ఎండ లేదని అలాగే మూల పడేస్తాం. మర్నాటికి కంపు, వారానికి వేళ్ల సందుల్లో ఒరుపు. ఇలా చేయండి. లేసులు వదులు చేసి లోపలి మెత్తటి అట్ట బయటికి తీయండి. పాత పేపరు ఉండలు చుట్టి ముందు వేళ్ల దాకా దూర్చండి. రెండు గంటలకు ఆ పేపరు తడిసిపోతుంది, తీసి కొత్తది పెట్టండి. తర్వాత ఫ్యాను కింద పక్కకు వాల్చి ఉంచండి. పొయ్యి దగ్గర పెడితే అడుగు భాగం అతుకు ఊడుతుంది.

జ్వరం ఉంటే ఏ వ్యాయామమూ వద్దు, మెట్లూ వద్దు, బస్కీలూ వద్దు. ముక్కు కారడం ఒక్కటే అయితే తేలిగ్గా నడవొచ్చు. డెంగీ వచ్చి తగ్గినవాళ్లు డాక్టరు సరే అన్నాకే, అదీ కొంచెం కొంచెంగా. ఆ దోమ పగటి పూట, ముఖ్యంగా పొద్దున, సాయంత్రం కుడుతుంది. అంటే మనం నడిచే టైములే. నిండు చేతుల చొక్కా, ప్యాంటు వేసుకుని పోండి.

[దృశ్యం: తెరిపి ఇచ్చిన పొద్దు. శేషాచలం కొండల మీద మబ్బులు.]

తెరిపి ఇచ్చిన మొదటి రోజు మట్టి దారి వదిలేసి గట్టి దారి మీద నడవండి. కొండ దిగువన గడ్డి పెరిగిన చోట్ల పాములు బయట ఉంటాయి, టార్చి దగ్గర పెట్టుకోండి. వేగం కాస్త తగ్గించండి, రెండో రోజుకు మామూలైపోతుంది. ఆ ఊపులో శ్రీవారి మెట్టుకు పోదామనుకునేవాళ్లు, దారి తెరిచారో లేదో ముందు కనుక్కోండి. 2021 నవంబరు వానలకు ఆ దారి దెబ్బతిని, మళ్లీ భక్తులను వదిలింది 2022 మేలోనే. పెద్ద వాన పడ్డప్పుడు అలిపిరి దారిని కూడా కొన్నిసార్లు ఆపేస్తారు. అలాంటి రోజు శ్రీనివాస మంగాపురం దాకా పోయి వెనక్కి రావడం కంటే, మీ బిల్డింగు మెట్లే ఇంకో ఐదు సార్లు ఎక్కండి.