శకటు ఏది, ఏనుగు ఏది: చదరంగం మాటలు సరిగ్గా పలుకుదాం

నమస్కారం. గుంటూరులో మా ఇంటి మేడ మీద సాయంత్రం పూట పిల్లలకు చదరంగం నేర్పుతుంటాను. ఈరోజు పాఠంలో ఎత్తులు తక్కువ, మాటలు ఎక్కువ. అయినా బోర్డు, పావులు దగ్గర పెట్టుకోండి. చివర్లో మీ చేత ఒక పని చేయిస్తాను.

పావులు అన్నాను కదా, అక్కడి నుంచే మొదలుపెడతాను. మా మేడ మీదికి కొత్తగా వచ్చే పిల్లల్లో చాలామంది వీటిని కాయిన్లు అంటారు. "మాస్టారూ, ఒక కాయిన్ తక్కువైంది" అంటారు. కాయిన్లు ఉండేది క్యారమ్ బోర్డు మీద. ఇవి పావులు. వైకుంఠపాళి, అష్టాచెమ్మా ఆడిన ప్రతి ఇంట్లోనూ ఈ మాట ఉంది. రాజకీయ నాయకులు పావులు కదుపుతున్నారని పత్రికల్లో రోజూ చదువుతాం. ఎత్తుకు పై ఎత్తు అంటాం. పోలీసులు దొంగల ఆట కట్టించారంటాం. చెక్‌మేట్‌కు మన మాట ఆటకట్టు. ఇంత చక్కని మాటలు వాడుకలో ఉండగా, పక్క ఆట నుంచి కాయిన్ తెచ్చుకోవలసిన అవసరం నాకు కనిపించదు.

ఇప్పుడు ఈ రెండు పావులను చూడండి. కెమెరాకు దగ్గరగా పెడుతున్నాను. ఎడమ చేతిలో ఉన్నది మూల గడిలో నిలబడేది, పైన కోట బురుజులా ఉంటుంది. కుడి చేతిలో ఉన్నది ఐమూలగా పోయేది, తల మీద ఒక గాటు ఉంటుంది. ఇంగ్లీషులో మొదటిది రూక్, రెండోది బిషప్. మరి తెలుగులో?

గత వేసవి సెలవుల్లో ఇద్దరు పిల్లలు ఇక్కడే ఎదురెదురుగా కూర్చున్నారు. అమ్మాయిది బెజవాడ, అబ్బాయి తెనాలి దగ్గర పల్లెలో వాళ్ల తాతగారి దగ్గర ఆట నేర్చుకున్నాడు. ఆట మధ్యలో అమ్మాయి "నీ శకటు పోతుంది, చూసుకో" అంది. మంచి మనసుతోనే చెప్పింది. అబ్బాయి మూలలో ఉన్న పావు మీద చెయ్యి వేసి, దాన్ని జరిపాడు. మరుసటి ఎత్తులో ఐమూల పావు పోయింది. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. మోసం చేసిందన్నాడు. ఆ అమ్మాయి చేసింది మోసం కాదు. వాళ్లింట్లో శకటు అంటే బిషప్. వీళ్ల తాతగారి దగ్గర శకటు అంటే రూక్.

ఇద్దరిలో ఎవరిది తప్పు? నేనైతే ఇద్దరినీ తప్పు పట్టను. ఇప్పుడు తెలుగులో ఎక్కువగా వినిపించే వాడుక ప్రకారం మూల పావు ఏనుగు, ఐమూల పావు శకటు. కొన్ని ఇళ్లలో ఐమూల పావును ఒంటె అని కూడా అంటారు. కానీ శకటం అంటే బండి. చతురంగ బలాలు అంటే రథ, గజ, తురగ, పదాతులు. ఆనాటి రథమే పర్షియా చేరి రుఖ్ అయింది, ఆ రుఖ్ నుంచే రూక్ వచ్చింది. అంటే మూలన ఉన్నది మొదట బండి. ఇక ఏనుగు అరబ్బుల దగ్గర అల్ ఫీల్ అయింది. స్పెయిన్ వాళ్లు ఈనాటికీ బిషప్‌ను అల్ఫిల్ అంటారు. రష్యన్లు స్లోన్ అంటారు, ఆ మాటకు అచ్చంగా ఏనుగనే అర్థం. పాత లెక్కలో చూస్తే ఆ తాతగారి మాటే మూలానికి దగ్గరగా ఉంది. ఈ సంగతి ఆ అబ్బాయికి చెప్పినప్పుడు వాడి ముఖం చూడాలి!

పావు రూపం చూసి పేరు పోల్చుకుందామన్నా కుదరదు. ఇప్పుడు పోటీల్లో వాడేది స్టాంటన్ నమూనా, 1849లో ఇంగ్లండులో వచ్చింది. అందులో గుర్రం ఒక్కటే గుర్రంలా ఉంటుంది. ఏనుగుకు తొండం లేదు, బండికి చక్రం లేదు. అందుకని నేను పెట్టుకున్న నియమం ఒకటే. కొత్తవాళ్లతో ఆడబోయే ముందు ఒక్కొక్క పావునూ ముట్టుకుని "దీన్ని మీరేమంటారు?" అని అడగండి. అర నిమిషం పడుతుంది. ఎదుటివారు ఏ పేరు చెప్పినా నవ్వవద్దు.

ఆ నవ్వు నాకు చాలా బాధ కలిగిస్తుంది. అమ్మమ్మ మంత్రి అంటే, మనవడు "మంత్రి కాదు అమ్మమ్మా, క్వీన్" అని నవ్వుతాడు. బాబూ, ఐరోపాలో రాణి కాకముందు ఆ పావు పర్షియాలోనూ మంత్రే. పదిహేనో శతాబ్దం చివరలో గాని దానికి ఇప్పుడున్నంత బలం రాలేదు. అంతకుముందు ఐమూలగా ఒక్క గడి మాత్రమే కదిలేది. అమ్మమ్మది తప్పు మాట కాదు, పాత మాట.

అయితే మార్చుకోవలసిన మాటలు కూడా ఉన్నాయి. వాటిలో నన్ను బాగా ఇబ్బంది పెట్టేది చంపడం. బంటును చంపాను, గుర్రాన్ని చంపాను అంటారు. అలా అలవాటైన పిల్లవాడు రాజును కూడా చంపాలని చూస్తాడు. ఈ ఆటలో రాజును బోర్డు మీద నుంచి ఎవరూ తీయరు. ఇక తప్పించుకునే దారి లేదని తేలిన క్షణంలోనే ఆట ముగుస్తుంది. కొట్టడం అనండి, తీయడం అనండి. పిల్లవాడి చూపు రాజు మీద నుంచి రాజు చుట్టూ ఉన్న గళ్ల మీదికి మళ్లుతుంది. ఆటకట్టు ఉండేది ఆ గళ్లలోనే.

ఇదే చోట ఇంకో చిక్కు ఉంది, స్టేల్‌మేట్. చివర మేట్ అని వినిపించగానే గెలిచామనుకుంటారు. బోర్డు మీద చూపిస్తాను, మీరూ పెట్టండి. గడి పేరులో అక్షరం నిలువు వరుసది, తెల్లవారి ఎడమ నుంచి ఏ మొదలు హెచ్ దాకా; అంకె అడ్డ వరుసది, తెల్లవారి వైపు నుంచి 1 మొదలు 8 దాకా. నల్లరాజు డీ8లో, తెల్లబంటు డీ7లో, తెల్లరాజు డీ6లో. ఎత్తు నల్లవారిది. రాజుకు చెక్ లేదు, అంటే రాజు మీద దాడి లేదు, కదలడానికి గడీ లేదు. ఇది స్టేల్‌మేట్, ఆట డ్రా. ఇప్పుడు తెల్లరాజును ఒక్క గడి పక్కకు, ఈ6కు జరుపుతున్నాను. మిగతావి అలాగే ఉన్నాయి, ఎత్తు మళ్లీ నల్లవారిదే. ఈసారి నల్లరాజుకు సీ7 ఒక్కటే దారి. అక్కడికి పోక తప్పదు. పోగానే తెల్లరాజు ఈ7కు వస్తాడు, బంటు చివరి వరుస చేరి మంత్రి అవుతుంది. కదలకుండా ఉండగలిగితే నల్లవారికి ఈ నష్టం లేదు, కానీ కదలాలి. ఆ బలవంతపు ఎత్తునే జర్మన్ మాటతో...

ఆగండి, ఆ మాటను కొంచెం నెమ్మదిగా పలుకుదాం. మనవాళ్లు జుగ్‌జ్వాంగ్ అంటారు. అందులో జ లేదు. చెట్టు, చీమ అన్నప్పటి చ వేరు, చుక్క, చాప అన్నప్పటి చ వేరు. రెండూ పైకి అనండి. రెండోసారి నాలుక కొన పళ్ల వెనక్కి వచ్చింది కదా? పాత పుస్తకాల్లో దానికి ప్రత్యేకంగా ౘ అనే అక్షరం ఉండేది. జర్మన్లు ఈ మాటను ఆ చుక్కలోని చ‌తో మొదలుపెడతారు. ౘూక్, ౘ్వాంగ్. ౘూక్ అంటే ఎత్తు, ౘ్వాంగ్ అంటే బలవంతం. ఇంగ్లీషువారికి కష్టమైన ఈ ధ్వని మనకు ఉగ్గుపాలతో వచ్చింది. మనం దాన్ని వదిలేసి జ పలుకుతుంటే నాకు మనసొప్పదు.

ఫియాంచెట్టో కూడా ఇలాంటిదే. బిషప్‌ను గుర్రం వైపు బంటు వెనకాల పొడవాటి ఐమూల మీద నిలపడాన్ని అలా అంటారు. అది ఇటాలియన్ మాట, అందులో చ లేదు, క ఉంది. ఆ భాషలో మన ట కూడా లేదు, త ఉంది. కాబట్టి ఫ్యాంకెత్తో అంటే అసలుకు దగ్గరగా ఉంటుంది. ఎన్ పాసెంట్ అని మనం చదివేది ఫ్రెంచి మాట, దాదాపు ఆఁ పసాఁ అని వినిపిస్తుంది. మన అరసున్న ఇక్కడ పనికొస్తుంది. దారిన పోతూ అని దాని అర్థం. ఎదుటివారి బంటు రెండు గళ్లు దాటి మన బంటు పక్కకు వచ్చిన వెంటనే, ఆ ఒక్క ఎత్తులోనే కొట్టాలి. తర్వాత కొడతానంటే కుదరదు.

పరాయి మాటల మీద ఇంత శ్రద్ధ పెట్టమంటున్నాను కదా, మన పేర్ల సంగతి కూడా చెప్పాలి. మన పోటీల్లోనే మైకు పట్టుకున్నవారు డ్రోనవల్లి అనడం నేను విన్నాను. 2011లో గ్రాండ్‌మాస్టర్ అయిన గుంటూరు అమ్మాయి ద్రోణవల్లి హారిక పేరు అది! విదేశీ వ్యాఖ్యాతకు ద, ణ పలకకపోవచ్చు. గుంటూరులో పుట్టి పెరిగిన నోటికి ఏమైంది? కోనేరు హంపి 2002లో, పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయింది. 2019లోను, 2024లోను ప్రపంచ ర్యాపిడ్ (తక్కువ సమయంలో ఆడే చదరంగం) టైటిల్ గెలిచింది. కోనేరు ఇంటిపేరు, హంపి పేరు. ఇది తెలియనివారికి విజయవాడ వాళ్లమైనా, గుంటూరు వాళ్లమైనా మనమే చెప్పాలి.

ఇక మీరు చేయవలసిన పని. క్యాస్లింగ్, అంటే రాజునూ ఏనుగునూ ఒకే ఎత్తులో కదపడం. ముందు పలుకు చూద్దాం, క్యాస్ట్‌లింగ్ కాదు, మధ్యలో ట పలకదు. కొందరు దీన్ని ఏనుగును రాజు దగ్గరికి తేవడం అంటారు. ఈ మాట వినడానికి బాగానే ఉంటుంది గాని, చెయ్యి ముందు ఏనుగు మీదికి పోతుంది. పోటీలో ముందు ఏనుగును ముట్టుకున్నారంటే ఆ ఎత్తులో ఆ వైపు క్యాస్లింగ్ పోయినట్టే, ఏనుగునే కదపాలి. ఒక పోటీలో మా విద్యార్థి గెలవబోయే ఆటను ఇలాగే పోగొట్టుకుంది. అందుకే మా మేడ మీద దాన్ని రాజు రెండు గళ్లు నడవడం అంటాం.

ఈ1లో తెల్లరాజును, హెచ్1లో ఏనుగును పెట్టండి. మధ్య గళ్లు ఖాళీగా ఉండాలి. రెండు పావులూ అంతకుముందు కదిలి ఉండకూడదు. రాజుకు చెక్ ఉండకూడదు, దాటే గడి మీద గాని, చేరే గడి మీద గాని ఎదుటివారి దాడి ఉండకూడదు. ఒక్క చేత్తోనే చేయండి. రాజు, జీ1. ఆ తర్వాత ఏనుగు, ఎఫ్1. పావు గడి మధ్యలో సరిగ్గా కూర్చోకపోతే, సర్దడానికి ముట్టుకోకముందే జదూబ్ అనండి, లేదా సరిచేస్తున్నానని చెప్పండి. ముట్టుకున్నాక అంటే చెల్లదు. ఇప్పుడు రెండు పావులనూ వెనక్కి పెట్టి, పేరు పైకి పలుకుతూ పది సార్లు చేయండి. ముందు రాజు, తర్వాత ఏనుగు. మీ ఇంట్లో దాన్ని శకటు అంటే, ముందు రాజు, తర్వాత శకటు.